ఒక్క పంతులు బడికి ఒక పంచాంగం



ముందు ఒక చిన్న లెక్క చెబుతాను. విసుక్కోకుండా వినండి.

2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యాహక్కు చట్టం ఒకటి నుంచి అయిదు తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలంటుంది. అంటే రోజుకు నాలుగు గంటలు, 240 నిమిషాలు. ఇప్పుడు ఒక్క పంతులే ఉన్న బడిని ఊహించుకోండి. ఒకటి, రెండు తరగతులకు తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు కలిపి మూడేసి పాఠాలు. మూడు, నాలుగు, అయిదు తరగతులకు పరిసరాల విజ్ఞానం కూడా చేరి నాలుగేసి. అన్నీ కలిపితే రోజుకు 18. 240 నిమిషాలను 18 పాఠాలకు పంచితే ఒక్కోదానికి 13 నిమిషాలు, పైన కాస్త చిల్లర. సుద్దముక్క వెతుక్కోవడం, పలక కోసం కొట్టుకున్న ఇద్దరిని విడదీయడం, ముక్కు కారుతున్న వాడికి ముక్కు తుడవడం, అన్నీ ఆ 13 నిమిషాల్లోనే.

నేను ఉద్యోగంలో చేరింది చట్టం వచ్చిన కొత్తల్లో, అనంతపురం వైపు మెట్టపొలాల మధ్య ఒక పల్లెలో. ఒక గది, ఒక వరండా, అయిదు తరగతులు, ముప్పై చిల్లర పిల్లలు, నేను. 60 మంది పిల్లల దాకా ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలని చట్టంలో ఉంది. అంతకు చాలా ముందే, 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డు మొదలైనప్పుడూ బడికి కనీసం ఇద్దరన్నారు. మా బడికీ రెండో పోస్టు ఉండేది. పోస్టు ఉన్నంత నిక్కచ్చిగా అందులో మనిషి ఉండేవాడు కాదు. సరే, ఇద్దరున్నారనే అనుకుందాం. తరగతులు అయిదే కదా. ఒక్కొక్కరి వాటాకు తొమ్మిది పాఠాలు. చిక్కు సగానికి తగ్గుతుందే గానీ తీరదు.

మొదటి ఏడాది నేను చేసింది చెబుతాను. ఒక తరగతికి పాఠం చెబుతూ మిగతా నాలుగింటికీ ‘చూసి రాయండ్రా’ అని పని పెట్టేవాణ్ని. బడి నిశ్శబ్దంగా ఉండేది. దారిన పోయేవాళ్లు తొంగి చూసి, కొత్త సారు వచ్చాక పిల్లలు అదుపులోకి వచ్చారని మెచ్చుకునేవాళ్లు. రెండో తరగతిలో ఒక పిల్లవాడుండేవాడు. వాడి చేతిరాత ముత్యాలు పేర్చినట్టు ఉండేది. జూలై నెలంతా వాడి నోటుపుస్తకం పట్టుకుని మిగతావాళ్లకు చూపించాను. ఆగస్టులో ఒకనాడు ఎందుకో వాడు రాసిన ‘పలక’ అనే మాట మీద వేలు పెట్టి, “ఇదేందిరా?” అన్నాను. వాడు నా మొహంలోకి చూశాడు. పేజీలో ఇంకెక్కడైనా అదే మాట ఉందేమో చూపించమన్నాను. టక్కున చూపించాడు. ఏమని చదవాలో మాత్రం తెలియదు. రెండు నెలలుగా వాడు మాటలు రాయడం లేదు, బొమ్మలు గీస్తున్నాడు. వాడు తప్పు చేయలేదు. నేను చెప్పిన పని చెప్పినట్టు చేశాడు.

ఆ సాయంత్రం పిల్లలు వెళ్లిపోయాక బడిలోనే కూర్చున్నాను. అయిదు తరగతుల పుస్తకాలూ నేల మీద పరిచి విషయసూచికలు పక్కపక్కన పెట్టి చూస్తే అప్పటిదాకా కనబడనిది ఒకటి కనబడింది. పాఠాలన్నీ ఒక జాతివి కావు. కొన్ని నిచ్చెన పాఠాలు, కొన్ని పందిరి పాఠాలు.

నిచ్చెన పాఠమంటే ఒక మెట్టు ఎక్కందే రెండో మెట్టు అందనిది. అక్షరాలు రాందే గుణింతాలు రావు, గుణింతాలు రాందే వత్తులు రావు. కూడిక రాని వాడికి ఎక్కాలు వల్లె వేయించినా అది పాటే తప్ప లెక్క కాదు. వీటిని కలిపి చెప్పడం కుదరదు. ఏ పిల్లవాడి మెట్టు వాడిదే.

పందిరి పాఠమంటే అందరికీ ఒకటే ఆధారం. పెరట్లో పందిరి వేస్తే బీర, కాకర, చిక్కుడు మూడూ దాని మీదికే పాకుతాయి. ముందు నాటిన తీగ పైదాకా పోయి ఉంటుంది, నిన్న మొలిచింది గుంజ మొదట్లో ఉంటుంది. నీళ్లు, తిండి, ఇళ్లు, చెట్లు, పండుగలు, ఊరి పనులు, కథలు, పాటలు, బొమ్మలు, ఇవన్నీ పందిరికి ఎక్కేవే. వానను గురించి ఒకటో తరగతికి ఒక పాఠం, అయిదో తరగతికి వేరే పాఠం ఎందుకు? వాన ఒకటే కదా! 13 నిమిషాల తిప్పలకు మూలం అక్కడుంది. పందిరి పాఠాలను కూడా నిచ్చెనల్లా అయిదు ముక్కలు చేసి చెబుతున్నాం.

ఆ మరుసటి ఏడాది నుంచి జూన్‌కు ముందే ఒక పెద్ద కాగితం మీద ఏడాది మొత్తానికి లెక్క గీసుకోవడం మొదలుపెట్టాను. మా ఊళ్లో ఒక పెద్దాయన అది చూసి, “సారు పంచాంగం రాస్తున్నాడు” అని నవ్వాడు. ఆ పేరే నిలిచిపోయింది. ఆ పంచాంగం రాసే పద్ధతే ఇవాళ మీతో పంచుకుందామని వచ్చాను.

మొదటి పని, కొట్టేయాల్సిన రోజులను కొట్టేయడం. 200 రోజులని కాగితం మీద ఉంటుంది. దసరా, సంక్రాంతి సెలవులు అందరికీ తెలిసినవే. తెలియనివి ఇంకా ఉంటాయి. ఊరి జాతర, పరీక్షల వారాలు, మీటింగులు, శిక్షణలు, ఓటర్ల జాబితా పనులు. మా వైపు అన్నిటికన్నా పెద్దది శెనక్కాయ పీకే కాలం. ఆ రెండు మూడు వారాలు పెద్దపిల్లలు పొలంలో ఉంటారు, చిన్నవాళ్లు ఇంటి దగ్గర తమ్ముళ్లను ఆడిస్తుంటారు. అదే వారంలో భాగహారం మొదలుపెట్టి, పిల్లలు బడికి రారని తల్లిదండ్రులను తిట్టుకోవడం మన తెలివితక్కువ. ఆ వారాల్లో పాతవి నెమరువేసుకోవడం, చేతిపనులు, చదువులో వెనుకబడిన ఇద్దరు ముగ్గురిని దగ్గర కూర్చోబెట్టుకోవడం పెట్టుకుంటే ఎవరికీ నష్టం లేదు.

రెండో పని, మిగిలిన రోజులకు గళ్లు గీయడం. నేను నెలల ప్రకారం గీయలేదు, కార్తెల ప్రకారం గీశాను. రైతు ఏడాదిని 27 కార్తెలుగా చూస్తాడు. ఒక్కో కార్తె 13, 14 రోజులు, అంటే ఇంచుమించు రెండు వారాలు. పందిరి పాఠానికి సరిగ్గా అంత వ్యవధి కావాలి. వారమైతే చిన్నపిల్లలు అప్పుడే అందుకుంటుంటారు, నెలైతే పెద్దపిల్లలకు మొహం మొత్తుతుంది. పైగా మన బడి మృగశిరలో తెరుస్తారు, అశ్వని కార్తెలో మూస్తారు. రోళ్లు పగిలే రోహిణికి పిల్లలు ఇళ్లలోనే ఉంటారు. సెలవులూ పరీక్షలూ పోను పదిహేను, పదహారు కార్తెలు చేతికి చిక్కేవి. కార్తెకో విషయం. మృగశిరలో మన బడి, మన ఇళ్లు. ఆరుద్రలో వాన. పునర్వసు, పుష్యమిల్లో విత్తనం, మొలక. మఖలో ఆకులు, వినాయక చవితి పత్రి అటూ ఇటుగా అప్పుడే వస్తుంది, 21 రకాల ఆకుల పేర్లు చెప్పడానికి అంతకన్నా మంచి సమయం లేదు. స్వాతి, విశాఖల్లో పంట, సంత, తూకాలు. పుష్య మాసపు చలిలో బట్టలు, మగ్గం. మాకు ధర్మవరం దగ్గర, కాబట్టి మగ్గం మీద కూర్చునే మనిషి మా పిల్లల్లోనే ఎవరో ఒకరి మామ అయి ఉండేవాడు. ధర్మవరం పక్కనే నిమ్మలకుంట ఉంది, తోలుబొమ్మల ఊరు. బొమ్మలు, కథలు, నీడలు, ఒక కార్తెకు సరిపడా సరుకు అక్కడే దొరికేది.

ఒక పందిరి పాఠం ఎలా నడుస్తుందో దగ్గరగా చూపిస్తాను. ఆరుద్ర కార్తె జూన్ 22 ప్రాంతంలో వస్తుంది. ఒక మంచి వాన పడి నేల మెత్తబడగానే ఎర్ర మఖమల్ గుడ్డ కత్తిరించి చల్లినట్టు ఆరుద్ర పురుగులు బయటికి వస్తాయి. పొద్దున్నే పిల్లలు అగ్గిపెట్టెల్లో పెట్టుకుని బడికి తెస్తారు. పూర్వం నేను వాటిని బయట పారేయించి పాఠం చెప్పేవాణ్ని. పంచాంగం రాసుకున్నాక అగ్గిపెట్టెలే పాఠం.

అందరం వరండాలో గుండ్రంగా కూర్చుంటాం. ఒకటో తరగతి వాళ్లు ముట్టుకుని చూసి, ఎలా ఉందో చెప్పాలి. ఒక పాప “మా జేజి దుప్పటి లెక్క ఉంది” అంది. రెండో తరగతి వాళ్లు ఆ మాటలను పలక మీద రాయాలి. మూడో తరగతి వాళ్లు కాళ్లు లెక్కపెట్టి, ఒక చీమను కూడా పట్టి దాని కాళ్లతో పోల్చాలి. చీమకు ఆరు, దీనికి ఎనిమిది. అక్కడే పెద్ద పేచీ మొదలవుతుంది. ఒకడు ఆరంటాడు, ఇంకొకడు ఎనిమిదంటాడు, అందరూ మళ్లీ మళ్లీ లెక్కపెడతారు. నాలుగో తరగతి వాళ్లకు లెక్క: మనం తెచ్చిన పురుగులు ఇన్ని, ఒక్కోదానికి ఎనిమిది కాళ్లయితే మొత్తం ఎన్ని? అయిదో తరగతి వాళ్లకు ప్రశ్న: పురుగని పిలుస్తున్నాం సరే, ఎనిమిది కాళ్లున్నది చీమకు చుట్టమా, సాలీడుకు చుట్టమా? సాలీడుకు, తేలుకు దగ్గరి బంధువని తేలాక, ఎండాకాలమంతా ఇది ఎక్కడ దాక్కుందో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి ఒక పేజీ రాసుకురావాలి. సాయంత్రం ఎవరి అగ్గిపెట్టెను వాళ్లు తీసుకుపోయి, పట్టిన చోటే వాటిని వదిలేసి రావాలి. తెలుగు, లెక్కలు, పరిసరాల విజ్ఞానం మూడూ ఒకే గంటన్నరలో అయిపోయాయి. “రెడ్”, “సాఫ్ట్”, “ఎయిట్ లెగ్స్” అని బోర్డు మీద రాసుకున్నాం కాబట్టి ఇంగ్లీషూ కాస్త తగిలింది.

సంక్రాంతి ముందు ముగ్గులూ అంతే. ఏడు చుక్కలు, సరిచుక్క, ఒకటి వచ్చేదాకా. ఒకటో తరగతి వాళ్లు చుక్కలు పెడతారు. మూడో తరగతి వాళ్లు వరసలు కూడుతారు: ఒకటి, మూడు, అయిదు, ఏడు, మళ్లీ అయిదు, మూడు, ఒకటి. మొత్తం 25. అయిదో తరగతి వాళ్లను ఒకటి నుంచి ఏడు దాకా ఉన్న వరసలు మాత్రం కూడమంటాను. 16 వస్తుంది, అంటే నాలుగు నాలుగులు. మిగిలిన సగం 9, అంటే మూడు మూళ్లు. తొమ్మిది చుక్కల ముగ్గుకు ఎంతవుతుందో వేయకుండానే చెప్పమంటే, అయిదయిదులు 25, నాలుగు నాలుగులు 16, మొత్తం 41 అని ఒక ఆడపిల్ల చెప్పేసింది. తర్వాత చుక్కలు పెట్టి చూసుకున్నాం. సరిగ్గా 41.

ఇక్కడ మీకో అనుమానం రావాలి. ఇవాళ మూడో తరగతిలో ఉన్న పిల్ల వచ్చే ఏడాదీ, ఆ పై ఏడాదీ ఇదే గదిలో ఉంటుంది కదా, ఏటా అదే ఆరుద్ర పురుగేనా? “సా, ఇది పోయినేడు చెప్పినారు” అనదా? అంటుంది. అందుకే పంచాంగం ఒక్క ఏడాదికి రాస్తే చాలదు, మూడేళ్ల చక్రంగా రాయాలి. పందిరి అదే, తీగలు మారతాయి. నీళ్లు అనే విషయంలో మొదటి ఏడు వాన, రెండో ఏడు బావి, బోరు, మూడో ఏడు చెరువు. మా వైపు చెరువుల పాఠానికి ఊరి పేర్లే చాలు; బుక్కపట్నం, బుక్కరాయసముద్రం అనగానే విజయనగర రాజులు బడిలోకి నడిచి వస్తారు. ఆ విధంగా మూడో తరగతిలో అడుగుపెట్టిన పిల్ల అయిదు దాటేలోగా మూడింటినీ చూస్తుంది, ఆ మూడేళ్లలో ఏదీ రెండుసార్లు వినదు. పరీక్షలు తరగతి ప్రకారమే జరుగుతాయి గనుక పంచాంగం అంచున ప్రతి తరగతి పుస్తకంలోని పాఠాల పేర్లూ రాసి, ఏది ఏ కార్తెలో కలిసిందో గుర్తు పెట్టుకోవాలి. ఎక్కడా ఇమడని పాఠాలు నాలుగైదు మిగులుతాయి. వాటిని ఫిబ్రవరిలో మామూలుగా చెప్పేయడమే. అన్నిటినీ పందిరి ఎక్కించాలని పట్టుబడితే పందిరి కూలుతుంది.

మరి నిచ్చెన పాఠాల సంగతి? దానికి దారి మన పక్కనే ఉంది. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ చుట్టుపక్కల పల్లెల్లోని చిన్న బడుల కోసం పద్మనాభరావు, రమ దంపతులు ఒక పద్ధతి తయారు చేశారు. చదువును చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, ఒక్కో మెట్టుకు కార్డులు చేసి, నిచ్చెన పటాన్ని గోడకు వేలాడదీశారు. బడికి రాగానే ఏ పిల్లవాడి మెట్టు వాడు చూసుకుని తన కార్డు తీసుకుంటాడు. జ్వరం వచ్చి పది రోజులు మానేసినా, తిరిగొచ్చి ఆగిన మెట్టు నుంచే అందుకుంటాడు. కర్ణాటకలో ‘నలి కలి’కీ, తమిళనాడు ప్రభుత్వ బడుల్లో వచ్చిన కార్డుల పద్ధతికీ ఇదే స్ఫూర్తి. నా దగ్గర అచ్చు కార్డులు లేవు. పెళ్లి శుభలేఖల వెనుక రాసుకున్నాను. పెళ్లిళ్ల కాలంలో ఊరంతా తిరిగి శుభలేఖలు పోగుచేసే సారును చూసి మొదట్లో నవ్వారు, తర్వాత వాళ్లే దాచిపెట్టి ఇచ్చేవాళ్లు. గోడ అడుగున పిల్లల చేతికందే ఎత్తులో చుట్టూ నల్లరంగు పూయించాను. ఎవరి జానెడు బోర్డు వాళ్లకు.

పొద్దున రెండు గంటలు నిచ్చెన: తెలుగుకు ఒకటి, లెక్కలకు ఒకటి. తరగతులను పక్కన పెట్టి మూడు గుంపులు చేసేవాణ్ని. ఇంకా అక్షరాల దగ్గరున్నవాళ్లు, కూడబలుక్కుని చదివేవాళ్లు, సొంతంగా చదువుకునేవాళ్లు. గుంపుకు 20 నిమిషాలు నా పక్కన, మిగతా సమయం కార్డులతో. తర్వాత అరగంట కథ, పాట, ఇంగ్లీషు మాటలు. మధ్యాహ్నం గంటన్నర పందిరి. 120, 30, 90 కూడితే అదే 240 నిమిషాలు. గడియారంలో ఒక్క నిమిషం పెరగలేదు. 13 నిమిషాలు మాత్రం మాయమయ్యాయి.

పెద్దపిల్లలు చిన్నవాళ్లకు చెప్పడం గురించి ఒక హెచ్చరిక. ఇది మన పాత వీధిబడుల పద్ధతే. 18వ శతాబ్దం చివర మద్రాసు ఎగ్మూరులో అనాథ బాలుర ఆశ్రమం నడిపిన ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు ఆయన, ఇక్కడి బడుల్లో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూసి అది తన బడిలో పెట్టాడు. పిల్లల చేత పిల్లలకు చెప్పించే పద్ధతిని ఇంగ్లండుకు పట్టుకుపోయాడు. అక్కడ దానికి మద్రాసు పద్ధతి అని పేరొచ్చింది. స్కాట్లండులోని సెంట్ ఆండ్రూస్‌లో ఇప్పటికీ మద్రాస్ కాలేజీ అనే బడి ఉంది. గర్వంగానే ఉంటుంది గానీ, అందులో గొయ్యి ఒకటుంది. నేనూ అందులో పడ్డాను. అయిదో తరగతిలో చురుకైన అమ్మాయికి ఒకటో తరగతిని అప్పగించి హాయిగా ఉన్నాను. రెండు నెలలకు వాళ్లమ్మ వచ్చి, “సా, మా పాప చదువుకునేకి వస్తాందా, పిల్లోళ్లను పట్టుకునేకి వస్తాందా?” అని నిలదీసింది. నా దగ్గర జవాబు లేదు. అప్పటి నుంచి రోజుకు పది నిమిషాలకు మించి ఎవరికీ ఆ పని పెట్టలేదు. అదీ వంతుల ప్రకారం, మొద్దబ్బాయి అని పేరుపడ్డ వాడితో సహా. చెప్పడం వల్ల ఎక్కువ లాభపడేది వాడే.

చివరిగా మా వాన సీసా సంగతి చెప్పి ముగిస్తాను. ఖాళీ నీళ్ల సీసా పైభాగం కోసి, గరాటులా బోర్లించి, పక్కన మిల్లీమీటర్ల స్కేలు కాగితం అంటించాం. అడుగు ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి సున్నా గీత దాకా ముందే నీళ్లు పోసి పెడతాం. వాన పడిన మర్నాడు చూసి రాయాలి. మా ప్రాంతంలో ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్లు పడితే అదే వాన. ప్రతి మిల్లీమీటరూ మాకు విలువైనదే. ఆ పనికి ఏటా ఒక పిల్లవాడు పెద్ద. ఏడాది చివర తన పని ఇంకొకరికి నేర్పి వెళ్లాలి.

మూడేళ్ల తర్వాత ఆ పని, ‘పలక’ను బొమ్మలా గీసిన పిల్లవాడికి వచ్చింది. అప్పటికి వాడు అయిదో తరగతి. చదవడం ఆలస్యంగా వచ్చింది గానీ వచ్చింది; చేతిరాత మాత్రం ముందే ఉంది కదా, వాన లెక్కల పుస్తకం అచ్చు వేసినట్టు రాశాడు. ఏప్రిల్‌లో బడి మూసే ముందు రోజు ఒకటో తరగతి బుడ్డోణ్ని సీసా ముందు కూర్చోబెట్టి చెబుతున్నాడు. నేను గది లోపల పంచాంగం చుడుతూ విన్నాను.

“పైనుంచి సూడగూడదురా. వొంగు. నీళ్లతో సమంగా కన్ను పెట్టు. ఇప్పుడు సదువు, ఎంతుంది?”